వదిన సగం, మరదలి సగం

“నీ చొక్కా ఆలస్యమైందంటే తప్పు నాది కాదు తమ్ముడూ, మా వదినది. ముందు కూర్చో. నిలబడి వినే సంగతి కాదిది. గడియారాలు బాగుచేసేవాడివి, నీకే టైము లేదంటే ఎవరు నమ్ముతారు?”

కాజాలత్త కుట్టుమిషను పక్కనున్న స్టూలు మీది గుడ్డపేలికలను ఒక్క ఊపుతో కిందికి తోసింది. ఎదుటి వరసలో కొత్తగా గడియారాల కొట్టు పెట్టుకున్న మనిషి బుద్ధిగా కూర్చున్నాడు. అతని తెల్లచొక్కా ఆమె ఒళ్లోనే ఉంది. ఇస్త్రీ అయి, మడత పెట్టి, ఇచ్చెయ్యడానికి సిద్ధంగానే ఉంది. ఇస్తే మాట మధ్యలో లేచిపోతాడేమోనన్నట్టు ఆమె మాత్రం దాని మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది.

“ఇది చూడు,” అని మడత కాస్త విప్పి, పైనుంచి మూడో కాజా చూపించింది. “వంకరగా ఉందా?”

అతను వంగి చూశాడు. “కొంచెం,” అన్నాడు.

“మొహమాటానికి కొంచెం అంటున్నావు. బాగానే వంకర. ఇన్నేళ్లలో నా చేతి నుంచి ఇలాంటిది బయటికి పోలేదు. విప్పి మళ్లీ కుట్టమంటావేమో, నేను విప్పను. ఎందుకు విప్పనో చెప్తాను. విన్నాక నువ్వే విప్పొద్దంటావు.”

దుకాణానికీ లోపలి గదికీ మధ్య ఒక పూలగుడ్డ తెర వేలాడుతోంది. దాని వెనక మంచం ఉంది. మంచం మీద వదిన ఉంది. గడియారాలాయన తెరవైపు చూసి గొంతు తగ్గించబోయాడు.

“మామూలుగానే మాట్లాడు. వింటోందిలే, వినబడనీ. ఆవిడ లేనిచోట ఆవిడ గురించి మాట్లాడటం నాకు చేతకాదు.”

ఆ వీధిలో ఈ ఇద్దరినీ అసలు పేర్లతో పిలిచేవాళ్లు లేరు. వదిన కత్తెరమ్మ. ఆ పేరు చేతిలోని కత్తెర వల్ల వచ్చిందా, నోటి వల్ల వచ్చిందా అన్న విషయంలో వీధిలో రెండు పక్షాలున్నాయి. మరదలు కాజాలత్త. గుడ్డ పరిచి సుద్దగీత గీసి కత్తిరించడం వదిన పని. బొత్తాలు, కాజాలు, అంచులు, మడతలు మరదలి పని. మధ్యలో మిషను ఎవరికి తీరికుంటే వాళ్లది. మొదలు వదినది, ముగింపు మరదలిది. గుడ్డ ఒకరి బల్ల మీద బయల్దేరి ఇంకొకరి ఒళ్లో చొక్కా అయ్యేది.

జపమాల కూడా అంతే.

పనివేళ ఎండ వాలి, గిరాకీ పలచబడ్డాక, వదిన బల్ల దగ్గరే నిలబడి సిలువ గుర్తు వేసుకునేది. జపమాల గోడకున్న మేకుకి వేలాడుతూ ఉండేది. చేతులు ఖాళీ ఉంటే కదా దాన్ని తీసేది? వదిన ఎడమ మణికట్టుకి గుండుసూదులు గుచ్చుకునే చిన్న మెత్త ఒకటి కట్టి ఉండేది. దానికి ఒక పక్కన పది సూదులు. మరియమ్మకు చెప్పే మంగళవార్త జపం ఒకటి పూర్తయితే ఒక సూది అవతలి పక్కకి పోయేది. పదీ పోతే త్రిత్వస్తోత్రం, ధ్యానానికి యేసు జీవితంలోని ఇంకో దేవరహస్యం, మళ్లీ సూదులు వెనక్కి. లెక్క ఎప్పుడూ వదినదే. “దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా, వందనము” అని బల్ల దగ్గర ఆవిడ ఎత్తుకునేది, “గర్భఫలమగు యేసు” దాకా వచ్చి ఆగేది. “పరిశుద్ధ మరియమ్మా” అని స్టూలు మీద మరదలు అందుకునేది. కత్తెర చప్పుడు ఆగేది కాదు, సూది ఆగేది కాదు.

“ఒకసారి ఒకాయన కోటుకి కొలతలివ్వడానికొచ్చాడు,” అంది కాజాలత్త. “జపం మధ్యలో ఉన్నాం. ఆయన ఆగలేనన్నాడు. సరే రమ్మని టేపు తీసి ఆయన నడుం చుట్టూ వేస్తూనే వదిన తన సగం చెప్పేసింది. నేను నా సగం అందుకునేలోపు ఆ ఊపిరిలోనే ‘పోయినసారి కంటే నడుం పెరిగిందండీ’ అంది. నాకు నవ్వాగలేదు. నవ్వుతూ నవ్వుతూనే ‘పాపాత్ములమై యుండెడి మా కొరకు’ అన్నాను. ఆయన అది తన తిండి గురించే అన్నాననుకుని మొహం ముడుచుకున్నాడు.”

తెర వెనక మంచం కిర్రుమంది. కాజాలత్త అటు చెవి పెట్టింది. మళ్లీ నిశ్శబ్దమయ్యాక ఇటు తిరిగింది.

ఆమెకు ఎప్పుడూ రెండో సగమే ఎందుకొచ్చిందో, దానికి వేరే కథ ఉంది.

ఆమె రెండు జడల పిల్లగా ఉన్నప్పుడు అన్నయ్య పెళ్లి చేసుకుని వదినను తెచ్చాడు. అన్నయ్య దర్జీ, ఈ కొట్టు అతనిదే. వచ్చిన కొత్తలో వదినా మరదళ్లకు క్షణం పడేది కాదు. ఒకరు ఎడ్డెమంటే ఇంకొకరు తెడ్డెమనేవారు. తర్వాత మరదలికీ పెళ్లయింది. అది నిలవలేదు. ఎందుకు నిలవలేదో ఆమె ఎవరికీ చెప్పలేదు, ఆ రోజు గడియారాలాయనకూ చెప్పలేదు. ఒక మధ్యాహ్నం చేతిసంచీతో వచ్చి ఇదే గుమ్మంలో నిలబడింది. బల్ల మీద గుడ్డ పరుస్తున్న వదిన తలెత్తి చూసింది. ఎందుకొచ్చావనలేదు, ఏమైందనలేదు.

“తిన్నావా?” అంది.

అంతే. కాజాలత్త నోటికి అప్పుడు తాళం పడింది. అలిగి కాదు. మాట పైకి రావడం మానేసింది. అడిగితే తల ఊపేది, పని చెబితే చేసేది.

పొద్దువాలగానే ఇంట్లో జపం మొదలయ్యేది. వదిన మొదటి సగం చెప్పి, మరదలి వైపు చూసి ఆగేది. మరదలు పలికేది కాదు. వదిన కాసేపు చూసి, మళ్లీ మొదటి సగమే చెప్పేది. మళ్లీ ఆగేది. ఇది చూడలేక అన్నయ్య ఒకసారి “పరిశుద్ధ మరియమ్మా” అని అందుకోబోయాడు. వదిన అతని వైపు ఒక చూపు చూసింది.

“అది దాని సగం,” అంది. “దాని కంచంలో ముద్ద నువ్వు మింగితే దాని కడుపు నిండుతుందా?”

“అది పలకడం లేదు కదే.”

“పలికినప్పుడే పలుకుతుంది. మరియమ్మకేమైనా తొందరుందా? నీకుంటే చెప్పు, నువ్వు పోయి పడుకో.”

అలా ఎన్నాళ్లు గడిచాయో కాజాలత్త లెక్కపెట్టుకోలేదు. ఒక సాయంత్రం వదిన ఆగినచోట ఆమె నోటి నుంచి చివరి ముక్క ఒక్కటే వచ్చింది: “ప్రార్థించండి.” మర్నాడు ఇంకాస్త. తర్వాత మొత్తం. వచ్చాక ఇంక ఆగలేదు. ఇన్నాళ్ల బాకీ తీర్చుకుంటున్నట్టు గబగబా వచ్చేసేది. “ఇప్పుడును మా మరణ సమయమందును” అన్న మాటలు ఒకదాని మీద ఒకటి పడి నలిగిపోయేవి.

“మెల్లిగా పిల్లా,” అనేది వదిన. “బస్సు తప్పిపోతోందా?”

అన్నయ్య పోయాక కత్తెర వదిన చేతికొచ్చింది. సూది మరదలిది. వదిన కొడుకు పెద్దవాడై, బస్సు నడుపుతూ, పెళ్లాం పిల్లలతో రెండు వీధుల అవతల కాపురం పెట్టాడు. ఇక్కడ వీళ్లిద్దరూ, కుట్టుమిషనూ మిగిలారు. జుట్టు నెరిసినా, మోకాళ్లు అరిగినా ఆ “పిల్లా” పోలేదు. ఆ “మెల్లిగా” కూడా పోలేదు. ప్రతి సాయంత్రం ఒక్కసారైనా ఆ మాట పడకపోతే జపం కుదిరినట్టుండేది కాదు.

“నేను కావాలనే తొందరగా చెప్పేదాన్ని,” అంది కాజాలత్త, చొక్కా మీద లేని నూలుపోగును గిల్లుతూ. “ఆవిడ చేత అనిపించుకోవడానికి. ఇది ఆవిడకి తెలీదు. ఇప్పుడు తెలిసిపోయిందిలే, వింటోంది కదా.”

తర్వాత ఆ రోజు వచ్చింది.

వదిన బల్ల మీద ఊదారంగు కోటుగుడ్డ పరిచి కత్తిరిస్తోంది. మరదలు స్టూలు మీద చొక్కాకి కాజాలు కుడుతోంది. జపం సగంలో ఉంది. మరదలు తన సగం ముగించి, కాజా చివర ముడి వేసి, ఆమెన్ అని, దారం పంటితో తెంపి, తర్వాతి మొదటి సగం కోసం చూసింది.

రాలేదు.

గీత సరిచూసుకుంటోంది కాబోలనుకుంది. సూదిలో కొత్తదారం ఎక్కించుకుంది. అయినా రాలేదు. తలెత్తి చూస్తే, కత్తెర గుడ్డ మధ్యలో నోరు తెరుచుకుని ఆగిపోయి ఉంది. వదిన దాని వంకే చూస్తోంది, అది ఎవరిదో, ఇక్కడికెలా వచ్చిందో అన్నట్టు. సుద్దముక్క దొర్లి కిందపడింది.

ఆసుపత్రి నుంచి వచ్చేసరికి కుడి చెయ్యి, కుడి కాలు స్వాధీనంలో లేవు. మాట పడిపోయింది. కళ్లు మాత్రం మునుపటి కళ్లే. కాలర్ వంకరగా ఉన్న చొక్కా వేసుకుని ఎవరైనా గదిలోకొస్తే ఆ కళ్లు తిన్నగా కాలర్ దగ్గరికే పోయేవి. లోపల మనిషి మనిషిలాగే ఉంది. తలుపే తెరుచుకోవడం లేదు.

కాలూ చెయ్యీ సంగతి తర్వాత చూడొచ్చు అనుకుంది కాజాలత్త. ఆ నోటి నుంచి ఒక్క మాట వస్తే చాలు. తిట్టయినా సరే. లేకపోతే ఆవిడ అందులోనే, ఆ మూసిన తలుపు వెనకే, ఒక్కతే ఉండిపోతుంది. అలా ఉండిపోవడం ఎలా ఉంటుందో కాజాలత్తకి తెలుసు. ఆ రోజుల్లో తన తలుపు బయట కూర్చున్నది వదిన. ఇప్పుడు తను కూర్చోవాలి. కానీ వదినకి చాతనైన ఓపిక తనకెక్కడిది?

ఆసుపత్రి తరఫున మాటలు నేర్పే అమ్మాయి ఇంటికొచ్చేది. సన్నగా, నెమ్మదిగా, నవ్వుమొహంతో ఉండేది. బొమ్మల అట్టలు తెచ్చి ఒక్కొక్కటే చూపించేది. కప్పు. తాళం. కుక్క. వదిన ఆ బొమ్మల వంక, బజార్లో కొన్న రెడీమేడ్ చొక్కా వంక చూసినట్టు చూసేది. పెదవులు కదిలేవి. గాలి వచ్చేది.

ఒకరోజు ఆ అమ్మాయి కాజాలత్తను పక్కకి పిలిచింది.

“అత్తా, మీ వదినగారికి బాగా నోటికొచ్చిన పాటలూ పద్యాలూ ఏమైనా ఉన్నాయా? ఏళ్ల తరబడి రోజూ చెప్పినవి? ఒక్కోసారి మామూలు మాటలు రాకపోయినా అలాంటివి వస్తాయి. రావాలనేం లేదు. ప్రయత్నిద్దాం.”

“ఎందుకు లేవమ్మా. జపమాల ఉంది.”

“అయితే మీరు మొదలుపెట్టి మధ్యలో ఆపండి. ఆవిడ పూర్తి చేస్తారేమో చూద్దాం.”

ఆ సాయంత్రం కాజాలత్త మంచం పక్కన కుర్చీ వేసుకుంది. సిలువ గుర్తు వేసుకుంది. వదిన ఎడమ చెయ్యి పట్టుకుని, ఇద్దరికీ కలిపి వేయించింది. గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

“దేవ వరప్రసాదము చేత నిండిన...”

అక్కడ ఆగిపోయింది. అన్నేళ్లుగా చెవిలో పడుతున్న మాటలే. నిద్రలో వినబడినా గుర్తుపడుతుంది. కానీ నాలుక మీదికి రావు. “ఏలినవారు” ముందా, “స్త్రీలలో” ముందా? ఎవరివో పెదాలు అరువు తెచ్చుకున్నట్టుంది. వదిన మాత్రం తదేకంగా చూస్తోంది. ఎలాగో కింద మీద పడి “గర్భఫలమగు యేసు” దాకా చేరి, ఆగి, ఆశగా వదిన మొహంలోకి చూసింది.

వదిన కూడా అంతే ఆశగా ఆమె మొహంలోకి చూసింది.

ఇద్దరూ అలా చూసుకుంటూ కూర్చున్నారు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. గుడి నుంచి ప్రార్థన గుంపు ఆడవాళ్లు వచ్చి మంచం చుట్టూ నిలబడ్డారు. ఒకావిడ మొదటి సగం చెబితే తక్కినవాళ్లంతా రెండో సగం అందుకున్నారు. గది మార్మోగిపోయింది. వదిన పెదాలు కదల్లేదు. వాళ్లు వెళ్తూ వెళ్తూ కాజాలత్త భుజం తట్టి, దేవుడున్నాడు అన్నారు. ఆ తట్టడంలో ఆశ వదులుకోమన్న మాట కూడా ఉందనిపించింది ఆమెకి.

మేనల్లుడు బస్సు డ్యూటీ దిగి వచ్చి, ఫోన్లో జపమాల పెట్టి తల్లి తలగడ దగ్గరుంచాడు.

“అమ్మ వింటూ ఉంటే మెల్లగా తనే కలుస్తుంది అత్తా.”

ఫోను పలుకుతోంది. తనే మొదటి సగం చెప్పుకుంటోంది, తనే రెండో సగం చెప్పుకుంటోంది. ఎక్కడా సందివ్వడం లేదు.

“ఒరేయ్,” అంది కాజాలత్త కాసేపు విని, “దీనికి మనతో పనేముందిరా? అడిగేదీ అదే, చెప్పేదీ అదే. తీసి జేబులో పెట్టుకో.”

“మరేం చేద్దామంటావ్?”

“ఏం చేద్దాం. ఏమీ చెయ్యొద్దు.”

ఆ రోజు నుంచి ఆమె మొదలుపెట్టడం మానేసింది. ఆ వేళ కాగానే ఏదో ఒక పని పెట్టుకునేది. అది కూడా పోయింది, ఆఖరిది కూడా పోయింది అని లోపల ఒక మాట తిరుగుతుండేది. మేకుకున్న జపమాల వంక చూసేది కాదు.

“సరిగ్గా అప్పుడు దిగావు నువ్వు,” అంది కాజాలత్త. “గుర్తుందా? కొట్టు మూసి ఉందని చెప్పినా వినకుండా.”

గుర్తుంది. తెల్లచొక్కా కాజాలు పీలికలై బొత్తాలు నిలవడం లేదు. తమ్ముడి ఇంట్లో శుభకార్యం ఉంది, ఉన్న మంచి చొక్కా ఇదొక్కటే అన్నాడు. ఆమె కుట్టనంది. కట్టింగ్ ఆవిడ లేకుండా ఈ కొట్టులో పని జరగదంది. దీనికి కట్టింగ్‌తో పనేముంది, కాజాలే కదా, అన్నాడతను. ఎదురు మాటలాడే ఓపిక లేక, అక్కడ పెట్టి పొమ్మంది.

చొక్కా రెండు రోజులు అక్కడే పడి ఉంది. మూడో సాయంత్రం, చేతులు ఊరికే ఉంటే మనసు ఎటెటో పోతోందని, తెర పక్కకి లాగి, మంచం కనబడేలా స్టూలు వేసుకుని సూది పట్టుకుంది. వదిన మంచానపడ్డాక ఆమె సూది పట్టుకోవడం అదే మొదటిసారి. మొదటి కాజా కుట్టింది. రెండోది కుట్టింది. ఏమీ అనుకోలేదు, ఏమీ చెప్పలేదు. మూడోది మొదలుపెట్టింది. దారం వరస వరసగా చుట్టుకుంటూ వస్తోంది. చేతులు తమ దారిన తాము పోతున్నాయి. కాజా చివరికొచ్చింది. ముడి వెయ్యాలి.

ఇన్నేళ్లుగా ఆ ముడితో పాటు నోటికి వచ్చే మాటలు ఆమెను అడక్కుండానే వచ్చేశాయి.

“...ఇప్పుడును మా మరణ సమయమందును ప్రార్థించండి. ఆమెన్.”

పైకే అంది. అన్నానని కూడా ఆమెకి తెలియలేదు. దారం పళ్ల మధ్య పెట్టుకుంది.

“దే...”

మంచం వైపు నుంచి. తుప్పుపట్టిన తలుపు కదిలినట్టు.

“దేవ...”

కాజాలత్త కదల్లేదు. దారం పళ్ల మధ్యే ఉంది. తల తిప్పితే ఆగిపోతుందేమోనని తిప్పలేదు.

“దేవ... వర... ప్రసాదము చేత... నిండిన మరియమ్మా... వందనము.”

మొదటి మాటలు రాళ్ల మీద బండిలా వచ్చాయి. “ఏలినవారు” దగ్గరికొచ్చేసరికి దారి దొరికింది. “స్త్రీలలో ఆశీర్వదింపబడినవారు మీరే” అన్నది దాదాపు పాత గొంతే. “గర్భఫలమగు యేసు” దాకా వచ్చి ఆగింది. అక్కడే, ఎప్పుడూ ఆగేచోటే. ఆగి, మరదలి కోసం చూసింది.

అప్పుడర్థమైంది కాజాలత్తకి. ఇన్నాళ్లూ తామంతా వదిన చేతిలో పెట్టింది వదిన సగం కాదు, మరదలి సగం. ఆ సగం ఆవిడ జన్మలో చెప్పింది లేదు. మరదలు నోరు మూసుకున్న రోజుల్లో కూడా చెప్పలేదు, మొగుడు చెప్పబోతే చెప్పనివ్వలేదు. ఎవరొచ్చినా ముందుమాట వాళ్లే లాక్కుని, కొసమాట అందుకో అందుకో అంటే ఆవిడ ఎక్కడ అందుకుంటుంది? ఆవిడ ఎప్పుడూ ముందుమాట మనిషి. వెనక ఒక ఆమెన్ వినబడితేనే కదా ఆవిడ వంతు వచ్చేది.

“నేను పలకాలి కదా తమ్ముడూ. ఆవిడ చూస్తోంది. నేను పలక్కపోతే మళ్లీ ఆ తలుపు మూసుకుపోతుందేమోనని భయం. ఏడుపు, నవ్వు, అన్నీ కలిసిపోయి, ‘పరిశుద్ధమరియమ్మాసర్వేశ్వరునియొక్కమాతా’ అని ఒకే ముక్కలా ఊడ్చేశాను. ఆ ఊపులో దారం లాగేసి, కాజా అక్కడే వంకరపోయింది. అప్పుడేమందో తెలుసా?”

గడియారాలాయన తల అడ్డంగా ఊపాడు.

“‘మె... మెల్లిగా’ అంది.”

కాజాలత్త కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తర్వాత చెప్పబోయి తనే నవ్వింది.

ఆ సాయంత్రం వదిన ఆగలేదు. పది దగ్గర ఆగాలి. కానీ లెక్కపెట్టే సూదులు లేవు, సూదులు జరిపే చెయ్యి లేదు. మరదలు ఎప్పుడూ లెక్కపెట్టి ఎరగదు. వదిన మొదటి సగం ఎత్తుకుంటుంది, మరదలు రెండో సగం అందుకుంటుంది, ఆమెన్ అనగానే మళ్లీ “దేవ వరప్రసాదము”. పది దాటింది, ఇరవై కూడా దాటే ఉంటుంది. త్రిత్వస్తోత్రం లేదు. అది ఏ దేవరహస్యమో ఆవిడా చెప్పలేదు, ఈవిడా అడగలేదు. ఆగమనడానికి కాజాలత్తకి మనసొప్పలేదు. మధ్యలో మేనల్లుడు వచ్చి, గుమ్మంలోనే నిలబడిపోయి, టోపీ తీసి, చెప్పులు విప్పి, గోడకానుకుని అత్తతో పాటు రెండో సగం చెప్పాడు. చివరికి వదిన మాట మధ్యలోనే కళ్లు మూసుకుని నిద్రపోయింది.

“ఎక్కువైపోయాయేమో అత్తా,” అన్నాడు వాడు గొంతు తగ్గించి.

“అయితే అయ్యాయి. మనం ఎగ్గొట్టినవి లేవా? వాటికింద జమ వేసుకుంటుందిలే మరియమ్మ.”

మాటలు నేర్పే అమ్మాయికి ఈ సంగతి చెబితే కుర్చీలోంచి లేచి కాజాలత్తను కావలించుకుంది. ఇప్పుడు ఆ అమ్మాయి బొమ్మల అట్టలు సంచీలోనే పెట్టుకుని, మంచం పక్కన ఊరికే కూర్చుంటోంది. వదినే ముందు అనేదాకా ఆగుతోంది.

“అంతా బాగైపోయిందని చెప్పను,” అంది కాజాలత్త. “ఇంకా కప్పుని కప్పు అనలేదు. మంచినీళ్లు కావాలంటే చూపుడువేలే. జపం వస్తుంది, ‘మెల్లిగా’ వస్తుంది. నిన్న ఇంకోటి వచ్చింది. సూదులమెత్త తెచ్చి, పడిపోయిన కుడిచేతికి కట్టాను, ఎడం చేత్తో జరుపుకుంటుందని. మొదటి సూదే వేలికి గుచ్చుకుంది. ‘పిల్లా’ అంది, కోపంగా. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.”

బల్ల మీద ఊదారంగు కోటుగుడ్డ ఇప్పటికీ అలాగే ఉంది, సగం కత్తిరించి, దుమ్ము పడకుండా పైన దుప్పటి కప్పి. ఆ కత్తెర పట్టుకునే ధైర్యం కాజాలత్తకి లేదు. కోటు తాలూకు ఆయన వచ్చి, తొందరేం లేదు ఉంచండి అని వెళ్లాడు. ఆ గుడ్డ ఏమవుతుందో ఆమెకు తెలీదు. ప్రస్తుతానికి ఆమె దాని గురించి ఆలోచించడం లేదు.

“అదీ సంగతి. ఈ కాజా విప్పమంటావా?”

“వద్దు,” అన్నాడతను.

“చెప్పానా?” మూడో కాజా మీద బొటనవేలు ఒకసారి ఆనించి, చొక్కా మళ్లీ మడత పెట్టి అతని చేతిలో పెట్టింది. “బొత్తం దూరుతుంది, భయపడకు. కొంచెం బిగువు, అంతే.”

గోడమీది ఎండ తలుపు పైకి పాకింది. తెర వెనక మంచం మళ్లీ కిర్రుమంది, ఈసారి ఆగకుండా. కాజాలత్త లేచి, మోకాళ్లు పట్టుకుని నిలదొక్కుకుని, మేకుకున్న జపమాల తీసింది.

“పిలుస్తోంది. వేళయింది. నీ మూలంగా ఇవాళ కాస్త ఆలస్యం కూడా అయింది, ఆ మాట నా మీదికే వస్తుంది. పోతూ పోతూ ఒక్క పని చేసిపెట్టు తమ్ముడూ. ఆ తెర పక్కకి తీసి, గుమ్మంలో నిలబడి ఆవిడకి కనబడు. బాగున్నారా, ఎలా ఉంది అని నువ్వు మొదలుపెట్టకు, అందరూ అదే చేస్తున్నారు. ముందుమాట ఆవిడది. నీ మొహం చూస్తుంది, చొక్కా చూస్తుంది, ఆ వంకర కాజా కూడా చూస్తుంది. ఏదో ఒకటి అంటుంది. ఆలస్యమవుతుంది, చేతి గడియారం వంక చూసుకోకు. ఆవిడ అన్నాక, నీ సగం నువ్వు చెప్పి వెళ్లు.”